క్లారినెట్టు జన్మకథ

క్లారినెట్టు నాదమును మనమందరము ఎరుగుదుము. దాని పుట్టుకను ఎరిగినవారు కొలదిమందియే. జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణమున యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ (1655-1707) అను వాద్యశిల్పి ఉండెను. క్లారినెట్టును కల్పించినవాడు ఆతడేయని 1730లో అచ్చయిన గ్రంథ మొకటి చెప్పుచున్నది.

దీనికి మూలము షాలుమో అను రెల్లు నాలుకగల చిన్న వాద్యము. దాని మంద్రము మధురమే గాని, పై స్థాయి అందదు. పిల్లనగ్రోవిలో ఊపిరి బిగించినచో షడ్జము పై షడ్జమై పలుకును. ఈ గొట్టములోనో, షడ్జము పై స్థాయి పంచమమునకు దుముకును. ఆ దుముకు సాధించుటకును, నడుమ స్వరములను పూరించుటకును మీటలు కావలసివచ్చెను. తొలి క్లారినెట్టునకు రెండే మీటలు. పై స్వరములు బాకాను తలపించుటచే 'చిన్న బాకా' అను అర్థముగల పేరు దానికి కలిగెను.

1791లో మొజార్టు తన మిత్రుడు ఆంటోన్ స్టాడ్లర్ కొరకు గొప్ప కృతి నొకదానిని రచించెను. స్టాడ్లర్ వాద్యము మామూలు క్లారినెట్టుకంటె నాలుగు స్వరములు దిగువకు పలికెడిది. మొజార్టు వ్రాతప్రతి పోయినది. ఆ వాద్యమును మిగులలేదు. పిమ్మట అచ్చయిన ప్రతిలో ఆ మంద్రస్వరములు లేవు. 1794 నాటి రీగా కచేరీ పత్రముపైనున్న చిన్న బొమ్మ 1992లో బయటపడగా, శిల్పులు దానినిబట్టి ఆ వాద్యమును మరల మలచిరి. వాద్యము మూలబడినచో, దానికై పుట్టిన సంగీతమును మనము పూర్తిగా వినజాలము.