వివాహము - ఆచారము, చట్టము
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పండుగపూట ఈ ప్రస్తావన ఏల అని కొందరనవచ్చును. పంచాంగ శ్రవణములో ఆదాయ వ్యయములతో పాటు రాజపూజ్యము, అవమానము కూడా వింటాము గదా. రాజపూజ్యము సున్నగా, అవమానమే నిండుగా బ్రతుకుతున్న బిడ్డలు కొందరు మన ఇళ్ళలోనూ ఉన్నారు. స్త్రీ స్త్రీనో, పురుషుడు పురుషునో జీవితమునకు తోడుగా ఎన్నుకొన్నప్పుడు చట్టము వారికి ఏమి ఇచ్చినది, ఏమి ఇవ్వలేదు అన్న సంగతి మనవి చేయదలచినాము. దీనికి సముద్రములు దాటనక్కరలేదు. మనము స్థిరపడిన కొరాపుట్టు, రాయగడలలోనే కథ మొదలవుతున్నది.

2006వ సంవత్సరములో కొరాపుట్టు జిల్లా దండబాడి గ్రామములో కోదు కులమునకు చెందిన ఇద్దరు స్త్రీలు పరస్పరము వివాహమాడినారు. మొదట పెద్దలు ఒప్పుకొనలేదు. తరువాత కులాచారము ప్రకారము తప్పు కట్టించుకొని, ఊరికి విందు పెట్టించుకొని సమ్మతించినారు. ఒక జత ఎడ్లు, ఒక బస్తా బియ్యము, ఒక పీపా సారా ఇచ్చుకొన్నారని అప్పటి పత్రికలు వ్రాసినవి. వారిని ఊరినుండి వెళ్ళగొట్టుటకు బదులు ఊరిలో కలుపుకొనుటకు పెద్దలకు ఒక దారి దొరికినది.

ఇది కేవలము పల్లెటూరి వింతగా కొట్టివేయరాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము, కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదని ఆ చట్టములోనే ఉన్నది. గిరిజనుల పెళ్ళికి వారి ఆచారమే ఆధారము. ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము ఏజెన్సీగా ఉన్న కాలములోనే, 1839 నాటి చట్టము కొండ ప్రాంతమును మామూలు కోర్టుల అధికారమునుండి తప్పించి ఏజెంటు చేతిలో పెట్టినది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి మనము ఇటు వచ్చినాము.

ఆ పెళ్ళి జరుగునాటికి మైదానపు చట్టము ఏమంటున్నది? 1860లో చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇటువంటి సంబంధమును ప్రకృతి విరుద్ధమని జైలు శిక్ష విధిస్తున్నది. 2009లో ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడి కలిసిన వయోజనులకు ఆ శిక్ష చెల్లదన్నది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనముతో, ఆ నేరమును తొలగించినది. అనగా దండబాడి విందు జరిగిన పన్నెండేండ్లకు గాని అత్యున్నత న్యాయస్థానము అక్కడకు చేరలేదు.

మన తెలుగువారికి దీనికి తిరగవేసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. వితంతు వివాహ చట్టము 1856లో వచ్చినది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. అక్కడ చట్టము ముందు వచ్చినది. ఊరు ఇరవై అయిదేండ్లు వెనుకబడినది. దండబాడిలో ఊరు ముందు నడచినది, చట్టము వెనుకబడినది. చట్టము, సమాజము ఎప్పుడూ జంట ఎడ్లవలె నడవవు. ఏది ముందు కదలినా రెండవదానిని లాగుకొని పోవలసినదే.

ఇక వివాహ హక్కు మాట. హైదరాబాదులో ఇద్దరు యువకులు 2021 డిసెంబరులో బంధుమిత్రుల ఎదుట పెళ్ళి వేడుక చేసికొన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద తమకు గుర్తింపు కావలెనని 2022లో సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. వారిలో ఒకరి పేరిటనే అది సుప్రియో కేసు అయినది. 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చినది. వివాహమాడుట ప్రాథమిక హక్కు కాదని, చట్టము మార్చుట పార్లమెంటు పని అని ఐదుగురూ అన్నారు. పెళ్ళి కాకపోయినను వారి సహజీవనమునకు ఒక చట్టబద్ధమైన గుర్తింపు ఉండవలెనని ఇద్దరు న్యాయమూర్తులు అనగా, ముగ్గురు కాదన్నారు. 2025 జనవరిలో పునర్విచారణ పిటిషన్లు కూడా తోసివేయబడినవి. నెదర్లాండ్సులో 2001లోను, తైవానులో 2019లోను, థాయిలాండులో 2025లోను ఇట్టి వివాహముల చట్టము అమలులోనికి వచ్చినది.

అయితే అంతా చీకటి కాదు. మన రాష్ట్రపు హైకోర్టునే చూడండి. 2020 ఆగస్టులో, పుట్టుకతో స్త్రీగా నమోదై పురుషునిగా జీవించుచున్న ఒకరు, తన సహచరిని ఆమె ఇంటివారు బలవంతముగా తీసికొనిపోయినారని కటకము వెళ్ళినారు. వయస్సు వచ్చిన వారు తమకు నచ్చినవారితో కలిసి ఉండవచ్చునని న్యాయమూర్తులు ఎస్. కె. మిశ్రా, సావిత్రీ రథో తీర్పు చెప్పినారు.

రెండవది రాయగడ సంగతి. అచ్చట గ్రామీణాభివృద్ధి శాఖ ఇంజనీరింగు కార్యాలయములో పనిచేసిన ఒక ఉద్యోగి చనిపోయిన పిదప భార్యకు కుటుంబ పింఛను వచ్చినది. 2020లో ఆమెయూ గతించినది. స్త్రీగా జీవించుచున్న వారి ట్రాన్స్‌జెండరు బిడ్డ, అవివాహిత కుమార్తెగా పింఛను కోరినది. జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన ధ్రువపత్రము చేతిలో ఉన్నది. అయినను కాగితము కదలలేదు. 2022 మే 20న హైకోర్టు, ఆమెకు ఆ అర్హత కలదని, ఆరు వారములలో పని ముగించవలెనని ఆదేశించినది.

ఊరు విడిచి వచ్చినవారము మనము. కాగితము విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. రేషను కార్డు, చిరునామా, కుల ధ్రువపత్రము కొరకు ఎన్ని గుమ్మములు ఎక్కినాము! దండబాడి పెద్దల దీవెన ఊరిలో చెల్లును. బ్యాంకులో, ఆసుపత్రిలో, పింఛను కచేరీలో చెల్లదు. అందుచేతనే చట్టము కావలెనని వారు అడుగుచున్నారు.

అది వచ్చువరకు చేయగలది కొంత ఉన్నది. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఇట్టి జంటలను రేషను కార్డు విషయములో ఒకే ఇంటివారిగా చూడవలెనన్నది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు, ఒకరినొకరు నామినీగా వ్రాసికొనుటకు అడ్డు లేదని తెలియజేసినది. వీలునామా ఎవరైనను వ్రాసికొనవచ్చును. ట్రాన్స్‌జెండరు ధ్రువపత్రమునకు జిల్లా మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేయవచ్చును.

సంఘ సభ్యులకు మా మనవి ఒక్కటే. బిడ్డ వచ్చి తన మనసులోని మాట చెప్పినప్పుడు గబగబా సంబంధములు చూచి మరొక ఇంటి బిడ్డ గొంతు కోయవద్దు. ఇంటినుండి వెళ్ళగొట్టవద్దు. తప్పు కట్టించుకొనియైనా కలుపుకొన్న ఆ కొండ పెద్దలపాటి ఓర్పు మనకూ ఉండవలెను. నూతన సంవత్సరము అందరి ఇండ్లకు, అందరు బిడ్డలకు శుభము చేకూర్చుగాక.