రిటైరయ్యేది ఆయన ఒక్కరేనా?



ఉద్యోగ విరమణ వారిదే అయినా, సిద్ధపడవలసింది మనం కూడా. ముప్ఫై ఏళ్ళు తొమ్మిదింటికల్లా క్యారేజీతో వెళ్ళిన మనిషి పగలంతా ఇంట్లో ఉంటే ఆయనకు తోచదు, మనకు చెయ్యాడదు. పప్పుల డబ్బాల మీద కూడా అజమాయిషీ మొదలవుతుంది! విసుక్కోకండి. ఆయనకు దూరమైంది జీతమే కాదు, "సార్" అన్న పిలుపు కూడా. మనవడి లెక్కలో, బజారు పనో ముందునుంచే అప్పగించండి.

ఇక డబ్బు సంగతి. 2004కు ముందు చేరిన కేంద్ర ప్రభుత్వోద్యోగికి పెన్షను ఆఖరి మూలవేతనంలో సగం. ఆయన తదనంతరం భార్యకు మొదట కొన్నాళ్ళు ఎక్కువిచ్చినా, చివరకు నిలిచేది 30 శాతమే. మందుల ఖర్చు ఆ లెక్కన తగ్గదు కదా! అందుకే గ్రాట్యుటీ అంతా పిల్లల ఇళ్ళకు, పెళ్ళిళ్ళకు ధారపోయకండి. 60 నిండినవారికి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది. గడువు 5 ఏళ్ళు, మూడు నెలలకోసారి వడ్డీ. దంపతులు ఉమ్మడిగా చేరవచ్చు.

ఈ ఆదివారం కాగితాలన్నీ చూపించమనండి. నామినీగా మీ పేరుందో లేదో చూసుకోండి. "ఇప్పుడెందుకీ అపశకునం?" అంటారేమో. అపశకునం కాదు, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం.