మూడో సూది లెక్క



పాల లెక్క రాయని ఇల్లాలు ఉంటుందా చెప్పండి? క్యాలెండరు మీద రోజుకింత అని వేసుకుంటాం. నెలాఖరుకి కూడితే ఇవ్వాల్సిన డబ్బు తేలుతుంది. కాస్త నిదానంగా చూస్తే ఏ వారం చుట్టాలొచ్చారో, ఏ రోజు పాలు విరిగి మళ్ళీ పోయించుకున్నామో కూడా ఆ అంకెలే చెబుతాయి. ఈ రోజు నేను చెప్పబోయేదీ అలాంటి లెక్కే. పసిపిల్లల టీకాల లెక్క.

"అది ఆఫీసర్ల పని, మనకెందుకూ" అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని.

మా అమ్మాయి పురిటికి మా ఇంటికొచ్చింది. మనవరాలికి ఆరో వారం, పదో వారం సూదులు మా పేటలోనే వేయించాం. మూడో నెలలో మంచిరోజు చూసి అత్తవారింటికి పంపాము. ఉగ్గుగిన్నె మొదలు ఉయ్యాల దాకా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దాను. టీకాల కార్డు మాత్రం నా బీరువాలోనే ఉండిపోయింది! పద్నాలుగో వారం సూది అక్కడ వేయించేసి ఉంటారని నేను, టైముకి అమ్మే చెబుతుంది కదా అని మా అమ్మాయి. ఐదో నెల నిండాక ఒకరోజు మా పేట నర్సమ్మ గుమ్మంలోకొచ్చి, "అమ్మగారూ, మీ మనవరాలికి మూడో సూది పడినట్టు లేదు. ఎక్కడన్నా వేయించారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

"ఇన్నిళ్ళల్లో మా పిల్ల సంగతి నీకెలా గుర్తుందమ్మా?" అన్నాను.

"గుర్తు కాదండీ, లెక్క" అని రిజిస్టరు తెరిచి చూపించింది.

ఆ సూదిని పెంటావేలెంటు అంటారు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, బి రకం కామెర్లు, హిబ్ అనే క్రిమి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు - ఇన్నింటికీ ఒకే సూది. మూడు సార్లూ పడితేనే పిల్లకి గట్టి రక్షణ. అందుకే మొదటి సూది ఎంతమందికి పడింది, మూడోది ఎంతమందికి పడింది అని పక్కపక్కన పెట్టి చూస్తారు. 100 మంది మొదటిది వేయించుకుని, 82 మందే మూడోది వేయించుకున్నారనుకోండి. 18 మంది మధ్యలో జారిపోయినట్టు. ఈ జారుడు నూటికి 10 దాటిందంటే ఎక్కడో లోపం ఉందని పైవాళ్ళు గ్రహించాలి.

ఆ లోపం ఏ రకమో కూడా అంకెలే చెప్పడం చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. మొదటి సూదికే పిల్లలు తక్కువయ్యారంటే, నర్సమ్మ ఆ వీధికి చేరనే లేదన్నమాట. కొత్తగా వెలసిన గుడిసెలో, ఇల్లు కట్టే చోట ఉండే కూలీల కుటుంబాలో లెక్కలోకే రాలేదు. అలా కాక మొదటిదానికి అందరూ వచ్చి, మూడోదానికి రాలేదంటే తప్పు వేరే. సూది వేశాక జ్వరమొస్తుందని ముందే చెప్పలేదేమో, తల్లి భయపడి మానుకుంది. గంటల తరబడి కూర్చోబెట్టారేమో, మందు లేదని తిప్పి పంపారేమో. మొదటి జబ్బుకి మందు కొత్త వీధుల్లో తిరగడం, రెండోదానికి మందు మంచి మాట. రెండూ ఒకటి కావు.

సీసాల లెక్క కూడా ఉంటుంది. బి.సి.జి. సీసా కలిపిన తర్వాత నాలుగు గంటలు దాటితే మిగిలింది పారవెయ్యాల్సిందే. విప్పిన సీసాలెన్ని, పడిన సూదులెన్ని అని సరిచూస్తే ఎంత వృథా అయిందో తెలుస్తుంది.

ఒక్కోచోట లెక్క నూటికి నూరు దాటుతుందట! అది చూసి మురిసిపోకూడదు. ఆ చోట ఎంతమంది పిల్లలున్నారో జనాభాని బట్టి అంచనా వేస్తారు కదా. మా అమ్మాయిలా పురిటికొచ్చినవాళ్ళు ఆ అంచనాలో ఉండరు, సూదులు మాత్రం ఇక్కడే పడతాయి. వాళ్ళు వెళ్ళిపోయాక మూడో సూది దగ్గర తగ్గుదల కనిపిస్తుంది. అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన పిల్లలందరికీ టీకాలు పడ్డాయని కాదు. అందుకే నర్సమ్మ అంకెతో ఊరుకోక, పేరు వెతుక్కుంటూ మా గుమ్మం దాకా వచ్చింది.

మన దేశంలో ఏడాది నిండిన పిల్లల్లో టీకాలన్నీ పడినవాళ్ళు 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 62 మంది. 2019-21 సర్వేకి 76 మందయ్యారు. సంతోషమే. మిగిలిన 24 మందిలో నా మనవరాలిలాంటివాళ్ళు, అంటే చదువూ డబ్బూ ఉన్న ఇళ్ళ పిల్లలు కూడా ఉంటారని నాకు ఇప్పుడు తెలుసు.

మూడో సూది ఆ వారమే మా వియ్యాలవారి ఊళ్ళో వేయించారు. ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టక్కర్లేదనీ, ఆగిన చోటినుంచే కొనసాగించవచ్చనీ నర్సమ్మ చెప్పాక నా మనసు కుదుటపడింది.

కాబట్టి అమ్మలూ, ఒడిబియ్యంతో పాటు టీకాల కార్డు కూడా సంచిలో పెట్టండి. ఊరు మారేటప్పుడు నర్సమ్మకి ఒక మాట చెప్పండి. ప్రైవేటు డాక్టరు దగ్గర వేయిస్తే కార్డు మీద రాయించి ఆమెకి చూపించండి. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిని కూడా, "పాపకి మూడో సూది పడిందా?" అని అడగండి. పడలేదంటే ఆ పూట సెలవిచ్చి పంపండి. అంట్లు సాయంత్రం తోముకోవచ్చు.

సెలవు.