వేపా? కానుగా? పశువుల దొడ్డికి నీడ చెట్టు
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక గ్రామ సంఘాధ్యక్షుడు చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించి, పచ్చిమేత గురించి, చూడి పశువుల గురించి డాక్టరుగార్లు ఉదయం నుంచి ఎన్నో మంచి సంగతులు చెప్పారు. నేను డాక్టరును కాను. నాలుగు గేదెలున్న రైతును. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు కనుక, నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

మా దొడ్డికి పడమటి వైపున మా తాతగారు వేసిన వేపచెట్టు ఉండేది. పదిహేనేళ్ళ క్రితం రేకుల షెడ్డు వేయబోతూ, కొమ్మ విరిగి పడితే రేకులు పాడవుతాయని ఆ చెట్టును కొట్టించాను. కలప అమ్మిన డబ్బు షెడ్డు ఖర్చులో కలిసివచ్చింది. తెలివైన పని చేశాననుకున్నాను. ఆ వచ్చిన మే నెలలో ఒకనాడు మధ్యాహ్నం మూడు గంటలకు షెడ్డులోకి వెళితే గేదెలు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. కుడితి పెడితే మూతి పెట్టలేదు. పూటకు ఎనిమిది లీటర్లు పోసే నా పాల పుస్తకంలో అయిదు, అయిదున్నర పడుతూ వచ్చింది. వేసవిలో పచ్చిమేత తగ్గడం కూడా ఇందుకు కారణమే, కాదనను. కాని మేత ప్రతి వేసవిలోనూ తగ్గేదే. పాలు మాత్రం ఇంతగా ఎన్నడూ తగ్గలేదు. పైగా ఈనిన గేదెలు రెండు వానలు పడేదాకా ఎదకు రాలేదు.

"అది నీడ కాదండీ, పెనం. పెనం కింద కట్టేశారు వాటిని" అన్నది మా ఇంటావిడ. ఆమె మాట అక్షరాలా నిజం. రేకు ఎండను ఆపుతుంది గాని, తాను కాలి ఆ వేడిని కిందికి వదులుతుంది. చెట్టు ఆకు అలా కాలదు. ఆకులోంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది కనుక చెట్టు కింద చల్లగా ఉంటుంది.

గేదెకు ఈ నీడ ఆవుకన్నా ఎక్కువ అవసరం. దాని నల్లని చర్మం ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. అందుకే అది చెరువులో పడుకోవాలని చూస్తుంది. ఒంట్లో వేడి పెరిగితే మొదట మేత తగ్గిస్తుంది, తర్వాత పాలు తగ్గుతాయి. ఎద మూగగా వచ్చి మనకు తెలియకుండానే పోతుంది. ఒక ఎద తప్పితే మూడు వారాలు పోయినట్లే. వేసవి అంతా తప్పితే ఈతకూ ఈతకూ మధ్య ఎడం ఎంత పెరుగుతుందో మీరే లెక్క వేసుకోండి.

సరే, చెట్టు వేద్దాం. ఏ చెట్టు? మన ఊళ్ళలో ముఖ్యంగా రెండు పేర్లు వినబడతాయి: వేప, కానుగ. రెండూ మన నేలలో పుట్టినవే. రెండూ మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చినా, ఎండలు ముదిరే లోపల మళ్ళీ చిగుర్చుకుంటాయి. కనుక వీటిలో ఏది మంచిదని అడగకూడదు. మీ దొడ్డికి ఏది తగినదని అడగాలి.

మొదట నేల చూడండి. మెట్ట భూమి, ఎర్ర చెల్క, గరప నేల అయితే వేపకు సాటి లేదు. వేరు లోతుకు దిగి, వాన తక్కువైనా నిలబడుతుంది. కాని నీరు నిలిచే చోట వేప బతకదు. కాలువ గట్టు, పల్లపు నేల, కొంచెం ఉప్పు తగిలిన నేల అయితే కానుగ వేయండి. కానుగ సహజంగా వాగుల ఒడ్డునా, సముద్ర తీరాన పెరిగే చెట్టు. తడికీ ఉప్పుకూ ఓర్చుకుంటుంది.

రెండవది నీడ. కానుగ నీడ దట్టమైనది. కొమ్మలు కిందికి వాలుతాయి. వాటిని ఎప్పటికప్పుడు కోసి, మనిషి చేతులెత్తి నిలబడేంత ఎత్తు వరకు ఖాళీ ఉంచాలి. లేకపోతే గాలి ఆడక ఉక్కపోస్తుంది. వేప నీడ కొంచెం పలుచన, గాలి ధారాళంగా ఆడుతుంది.

మూడవది రాలేవి. వేపపళ్ళు వానల ముందు రాలి, చితికి, ఈగలను పిలుస్తాయి, రోజూ ఊడ్వాలి. కానుగ పూలు తివాచీ పరచినట్లు రాలుతాయి. వాటినీ, ఆకునూ పెంటలో వేస్తే మంచి ఎరువు. కానుగ ఆకును పశువులు అంతగా ముట్టవు గనుక మొక్క సులభంగా దక్కుతుంది. వేప మొక్కను మేకలు వదలవు. ముళ్ళకంచె గట్టిగా కట్టాలి. కానుగ గింజలు పశువులకు మంచివి కావు; మేతలో పడనీయవద్దు.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, దిక్కు. మే నెలలో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదనే ఉంటాడు. దక్షిణాన వేసిన చెట్టు అప్పుడు దొడ్డికి ఉపయోగపడదు. ప్రాణం తీసేది రెండు నుంచి అయిదు వరకు కాసే పడమటి ఎండ. కనుక చెట్టును దొడ్డికి పడమట వేయండి. నీడ తూర్పుకు, పశువుల మీదికి జరుగుతుంది. గోడకు పన్నెండు పదిహేను అడుగుల దూరం ఉండాలి. మా తాతగారు ఏ పుస్తకం చదవకుండానే సరైన చోట వేశారు. అది నాకు కొట్టించిన తర్వాత తెలిసింది.

నాటే పద్ధతి చెబుతాను. రెండడుగుల గొయ్యి తీసి, పెంట ఎరువు కలిపి, తొలకరి తర్వాత నాటండి. వేప గింజ త్వరగా చచ్చిపోతుంది. పండు ఏరిన వారం పది రోజులలోనే విత్తుకోవాలి. కానుగ గింజ నెలల తరబడి నిలుస్తుంది. మంచి నీడకు అయిదారేళ్ళు ఓపిక పట్టాలి. అప్పటిదాకా తాటాకు పందిరి వేయండి. పక్కన రెండు అవిసె మొక్కలు వేస్తే త్వరగా ఎదిగి, ఆకు మేతకు కూడా వస్తుంది.

పశువును చెట్టు మొదలుకే కట్టవద్దు. గొలుసు ఒరిసి బెరడు పోతుంది, తొక్కుడుకు నేల గట్టిపడుతుంది. విడిగా గుంజ పాతండి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ఒంటరి చెట్టు కింద పశువునూ ఉంచవద్దు, మీరూ నిలబడవద్దు.

ఇంకొక మాట. 2021, 2022 సంవత్సరాలలో తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండిపోవడం మీరు చూశారు. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. చచ్చిపోయాయని తొందరపడి కొందరు కొట్టేశారు. కొట్టని చెట్లు చాలా వరకు మళ్ళీ చిగిర్చాయి. కనుక తొందరపడకండి. చోటున్నవారు రెండు జాతులూ వేసుకుంటే, ఒకదానికి తెగులు వచ్చినా రెండవది నిలుస్తుంది.

చివరగా నా దొడ్డి సంగతి. తాతగారి మీది అభిమానంతో అదే చోట మళ్ళీ వేపే నాటాను. కాని ఇప్పుడు అక్కడికి షెడ్డు కడిగిన నీరూ, రేకుల మీది వాన నీరూ చేరుతున్నాయి. రెండో వర్షాకాలానికి మొక్క కుళ్ళిపోయింది. అప్పుడు అభిమానం పక్కనబెట్టి కానుగ నాటాను. ఈ రోజు నాలుగు గేదెలూ మధ్యాహ్నం దాని కిందనే నెమరు వేస్తున్నాయి. వేపను నీరు చేరని పాల కేంద్రం దగ్గర, పడమటి వైపున నాటించాను. సాయంత్రం పాల క్యానులకూ, వరుసలో నిలబడే ఆడవాళ్ళకూ అది నీడనిస్తున్నది.

చెట్టు కొట్టడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ నీడ తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఈ తొలకరికి ప్రతి సంఘం ఆవరణలో ఒక చెట్టు, ప్రతి సభ్యుని దొడ్డిలో ఒక చెట్టు నాటాలని మనవి చేస్తున్నాను.