విద్యానిధి పట్టికయు, ఒక ఖాళీ గడియు



విద్యానిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. నిధి యెంత పెరిగినదో, దాత లెవరో కోశాధికారిగారు ఇంతకుముందే విన్నవించిరి గనుక మేము ఆ జోలికి పోము. గడచిన యేడు ఆ నిధి విషయమున మావలన జరిగిన యొక పొరపాటును, అది యెట్లు జరిగినదో తెలిసికొనుటకు మేము పడిన పాట్లను మీ యెదుట చెప్పుకొనుటకే లేచితిమి. ముప్పది యేండ్లకు పైగా బడులలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్నవారము. మేము కంప్యూటరు మాట యెత్తగానే యువకులు కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వుడు, తప్పు లేదు. మొదట మేమును నవ్వితిమి.

మన సంఘపు సభ్యుల పుస్తకమును చూచినవారు మీలో పెక్కురు కలరు. దాని యంచులను చెదలు తినినవి. అందు ఒకే పేరును ఒకే యింటిపేరును గలవారు ముగ్గురు నలుగురు కనబడుదురు. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము గదా! ఇక కొత్తపల్లి యను నూళ్లు మన దేశమున నెన్ని యున్నవో లెక్కింపజాలము. చందా పంపిన వేంకటేశ్వర్లుగారు ఏ కొత్తపల్లివారో తేల్చుటకు ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టుచుండెను. ఈ బాధ పడలేక కార్యవర్గమువారు పుస్తకమును కంప్యూటరున కెక్కింప నిశ్చయించి, "మాస్టారికి తీరిక యున్నది" అని ఆ పనిని మా నెత్తిన పెట్టిరి. మన సంఘ కుటుంబములోని అమ్మాయి యొకతె హైదరాబాదున సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్నది. ఆమె పండుగ సెలవులకు వచ్చి, మా యంత్రమున పోస్ట్‌గ్రెస్‌క్యూయల్ అను దానిని నెలకొల్పి పోయినది. అది 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖయందు మైకేల్ స్టోన్‌బ్రేకర్ అను ఆచార్యుని పూనికతో మొదలై, 1996 నుండి ఈ పేరు ధరించినది. దానికి వెల లేదు.

మొదటి దినమున యంత్రము మాతో మాటాడలేదు. "సభ్యుల నందరిని చూపుము" అను నాజ్ఞను దాని భాషలో వ్రాసి ఎంటరు నొక్కితిమి. జవాబు లేదు. మరల వ్రాసితిమి. లేదు. నాలుగవసారి విసుగెత్తి ఫోను చేయగా, "తాతగారూ, చివర సెమికోలన్ పెట్టారా?" అని అమ్మాయి అడిగెను. పెట్టలేదు. పెట్టినంతనే యంత్రము మా నాలుగాజ్ఞలను ఒక్క వాక్యముగా చదివికొని, వాక్యదోషమని కసరినది. పిల్లల వ్యాసములలో విరామచిహ్నములు దిద్దుచు జుట్టు నెరసినవారము, విరామము లేక పట్టుబడితిమి! వాక్యము ముగియలేదని అది మొదటినుండియు సైగ చేయుచునే యుండెనట. పంక్తి మొదట నుండు సమానచిహ్నము అడ్డగీతగా మారియుండెను. మేము చూడలేదు. మరునాడు ఊరి పేరును జంట కొటేషన్లలో నుంచి వెదకబోగా, ఆ పేరుగల నిలువు వరుసయే లేదని బదులు వచ్చినది. విలువలకు ఒంటి కొటేషన్లు, పట్టికల పేళ్లకును వరుసల పేళ్లకును జంటవి యని అప్పుడు తెలిసినది. ఇట్టివి పదిదినములు సాగినవి. అన్నియు చెప్పి మీ భోజనవేళను హరింపము.

దీనిని రిలేషనల్ డేటాబేసు అందురు. రిలేషన్ అనగా సంబంధము గదా, మన సభలలో వలెనే సంబంధములు కుదుర్చునది కాబోలునని మే మనుకొంటిమి. పట్టికకును పట్టికకును గల చుట్టరికము కాబోలునని మరికొన్నాళ్లు తలచితిమి. అదియు కాదు. ఐ.బీ.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అను నాంగ్లేయుడు 1970లో ప్రకటించిన వ్యాసమున, గణితశాస్త్రము రిలేషన్ అని పిలుచు దానినే తీసికొని, పట్టికనే ఆ మాటతో వ్యవహరించెను. ప్రతి వరుసకును తనదైన గురుతు ఒకటి యుండవలెను. రెండు పట్టికలు కలియుట ఆ గురుతు విలువ చేతనే గాని, వేరు దారము లేదు. మాకు బాగుగా నచ్చిన దేమనగా, పేరును గురుతుగా పెట్టరాదనుట. సంఖ్య నిచ్చిన పిమ్మట మన వేంకటేశ్వర్లుగా రందరును వేరువేరుగా నిలిచిరి. ఆజ్ఞలు వ్రాయు భాషను 1974లో చేంబర్లిన్, బాయిస్ అను నిద్దరు రచించిరి. ఏమి కావలయునో చెప్పవలెనే గాని యెట్లు తేవలయునో చెప్ప బనిలేదు. సూత్రములు వల్లించి పెరిగిన మాకు ఆ పొదుపు ముచ్చట గొలిపినది.

ఇక పొరపాటు సంగతి. నిరుడు కార్యవర్గ సమావేశమున, "అంతకుముందటి యేడు సహాయము పొందని విద్యార్థు లెవరు? వారికే ఈ యేడు మొదట నిత్తము" అని తీర్మానించిరి. మేము సగర్వముగా యంత్రము ముందు కూర్చుండి, చెల్లింపుల పట్టికలో సంఖ్య లేని విద్యార్థులను చూపుమని, నాట్ ఇన్ అను మాటతో నడిగితిమి. సున్న వరుసలు అని వచ్చినది. అనగా అందరికిని అందినదన్నమాట! సభ్యులు సంతోషించి, మిగిలిన సొమ్మును ఈ వసతిగృహపు ప్రహరీగోడకు మరల్చి, మేస్త్రీకి బయానా ఇప్పించిరి. యంత్రము చెప్పిన దానిని మరల పుస్తకముతో సరిచూతమని మాకు తోచలేదు. నలువది మంది పిల్లల వ్రాతప్రతులను రెండుసార్లు కూడిన చేతులు ఆనాడు ఒక్కసారియైన కూడలేదు.

వారము తిరుగకముందే ఒక తల్లి మా యింటికి వచ్చెను. భర్త లేడు, కుట్టుపనితో కూతురును చదివించుచున్నది. "మాస్టారూ, మా పిల్లకు పోయినేడూ రాలేదు, ఈ ఏడూ లేదంటున్నారు. అందరికీ ఇచ్చేశారా అండీ?" అని నిలుచుండియే అడిగినది. కూర్చుండు మన్నను కూర్చుండలేదు. పాతపుస్తకము తెరచి చూడగా ఆ పిల్లకు ఇచ్చినట్లు వ్రాత లేదు. మరి యంత్ర మేల చూపలేదు?

మూడు దినములు వెదకితిమి. విద్యార్థుల పట్టికను వేరుగా అడిగితిమి, అందరును ఉన్నారు. చెల్లింపుల సంఖ్యలను వేరుగా అడిగితిమి, ఆ పిల్ల సంఖ్య లేదు. రెండును వేరుగా సరియే, కలిపినచో సున్న! సంఖ్యలను క్రమమున పేర్చి చూడగా చిట్టచివర ఒక ఖాళీ గడి కనబడినది. దానిపై అనుమానము కలిగి, శూన్యమునకు సమానమైన సంఖ్య గల చెల్లింపును చూపుమని సమానచిహ్నముతో అడిగితిమి. సున్న వరుసలనెను. సరే, దోషము దీనిది కాదని విడిచితిమి. ఇది రెండవ తప్పు. రాత్రి అమ్మాయికి చెప్పగా, "తాతగారూ, నల్‌ను ఈక్వల్స్ పెట్టి వెతికితే దొరకదు. ఈజ్ నల్ అని అడగండి" అన్నది. అట్లడుగగా పట్టుబడినది. ఒక దాత యెవరో విద్యార్థికి నేరుగా రుసుము కట్టి రసీదు పంపియుండెను. విద్యార్థి సంఖ్య తరువాత వ్రాయుదమని మేమే ఖాళీ విడిచియుంటిమి.

ఒక్క ఖాళీ ఇంతపని యెట్లు చేసినదందురా? తర్కసంగ్రహము చదివినవారికి అభావము ఏడవ పదార్థమని తెలియును. నేలపై కుండ లేదనుట నిశ్చితజ్ఞానము. ఈ నల్ అనునది అభావము కాదు, కుండ యున్నదో లేదో చూడనివాని స్థితి. యంత్రము ఆ పిల్ల సంఖ్యను ఒక్కొక్క చెల్లింపుతో పోల్చినది. ఇది కాదు, ఇదియు కాదు, అని వచ్చి, ఖాళీ గడి కడ ఆగినది. ఆ గడిలో నున్నది ఆ పిల్ల సంఖ్యయే కావచ్చును గదా! కావున "పట్టికలో లేదు" అను మాట నిజమనలేదు, అబద్ధమనలేదు, తెలియదన్నది. నిజమని తేలిన వరుసలనే చూపుట దాని ధర్మము. అందరి విషయమునను ఇట్లే యైనది. నిజమునకు యంత్రము మాకంటె జాగరూకతతో నుండెను. అది తెలియదన్న దానిని మేము లేరని చదివితిమి.

కాడ్ మహాశయుడు 1990లో వెలువరించిన గ్రంథమున, ఉండియు తెలియనిది, వర్తింపనే వర్తింపనిది అని రెండు గురుతులు వేరుగా నుండవలెనని వాదించెను. వాడుకలో నున్న భాష యంత దూరము పోలేదు, ఒక్క నల్ తోనే సరిపెట్టుకొన్నది. మన ఫారములలో ఫోను గడి ఖాళీగా నున్నచో, వారికి ఫోను లేదా, చెప్ప నిష్టము లేదా, వ్రాయ మరచిరా? మే మెరుగము.

నాట్ ఇన్ తీసివేసి నాట్ ఎగ్జిస్ట్స్ అను మాటతో మరల అడుగగా 11 మంది పేళ్లు వచ్చినవి. ఆ పిల్ల పేరు అందున్నది. ఈసారి పుస్తకముతో రెండుమార్లు సరిచూచితిమి. కార్యవర్గము ముందు నిలిచి, తప్పు యంత్రముది కాదు, మాది యని చెప్పితిమి. గోడ సొమ్ము వెనుకకు తెచ్చి, బయానాగా పోయిన దానిని కార్యవర్గ సభ్యులు తలకొంత వేసికొని పూడ్చిరి. ఈ యుదయము లోనికి వచ్చునపుడు సగములో నిలిచిన గోడను మీరందరు చూచియే యుందురు. అది ఆ గోడయే. ఇప్పుడు విద్యార్థి సంఖ్య లేని చెల్లింపును, విద్యార్థుల పట్టికలో లేని సంఖ్యను యంత్రము స్వీకరింపకుండ కట్టుబాటు చేసితిమి. ఖాళీ గడి కన్నులకు కనబడునట్లు ఒక గురుతు చూపుమనియు దానికి చెప్పితిమి.

సభ్యుల పట్టికలో మాత్రము ఖాళీలు చాల మిగిలియున్నవి. వంటశాల ప్రక్క బల్లమీద ఊళ్లవారీగా ప్రతులుంచితిమి, పెన్సిళ్లును కలవు. భోజనానంతరము ఎవరి వరుస వారు చూచుకొన గోరెదము. ఫోను లేనివారు లేదని వ్రాయుడు. చెప్ప నిష్టము లేనివారు ఆ మాటయే వ్రాయుడు. సున్నలు చుట్టవలదు, ఖాళీ విడువకుడు. కొత్తపల్లివారు తమ మండలము పేరును తప్పక వ్రాయవలెను.