దుబారా: మాట ఒకటి, లెక్క మనది



మన యువతతో ఒక మాట గురించి మాట్లాడమని సంఘం పెద్దలు మాకు చెప్పారు. మేం ఎంచుకున్న మాట ‘దుబారా’. ఇళ్లలో రోజూ వినేదే. చేతిలో పైసా నిలవనివాణ్ని ‘దుబారా మనిషి’ అంటాం. సంతకు వెళ్లే పిల్లలకు డబ్బులిస్తూ ‘దుబారా చేయకండి’ అని అమ్మ చెబుతుంది.

దీనికి దగ్గరి మాటలు వేరే ఉన్నాయి. కుళాయి కట్టకపోతే నీళ్లు వృథా. మొలకెత్తని విత్తనం కొంటే డబ్బు దండగ. దుబారా అలా కాదు. కొన్న వస్తువు మంచిదే కావచ్చు, పనీ జరిగే ఉండవచ్చు. కానీ అక్కరకు మించి, తాహతుకు మించి పెట్టామన్నమాట. హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఇదే మాటకు ‘మళ్లీ, రెండోసారి’ అని అర్థం. రెండు అర్థాలూ పక్కపక్కన పెడితే మనకో కొలత దొరుకుతుంది. అవసరం ఒకసారి తీరాక, పదిమంది చూడాలని మళ్లీ పెట్టేదే దుబారా.

ఈ మాటను మన మీద విసిరేవాళ్లూ ఉన్నారు. మన్యంలో కొర్ర కొత్త, సామ కొత్త, మామిడి కొత్త చేసుకుంటే ‘వీళ్లకు పండగలకే సరిపోతుంది, అంతా దుబారా’ అంటారు. అది సరి కాదు. కొత్త పండగలో వండింది ఊరంతా తింటుంది. తుడుము, డప్పు, కిరిడి వాయించేది మనవాళ్లే. థింసా ఆడేది మన ఆడవాళ్లే. విస్తళ్లు అడ్డాకులవి. ఖర్చయినదంతా ఊళ్లోనే ఉంటుంది. పంచుకున్నది దుబారా కాదు.

ఆ పండగలో పొదుపు కూడా ఉంది. మామిడి కొత్త కాకముందు కాయ తెంపకూడదన్నారు. అలా ఆగితే కాయ ముదురుతుంది, టెంక మొలకకు పనికొస్తుంది. అడవిలో దుంప తవ్వినప్పుడు తీగ మొదట్లో కొంత ముక్క వదిలి మట్టి కప్పమన్నారు. వచ్చే ఏడు మళ్లీ ఊరుతుందని. దుబారా అనే మాట నోట పలకకుండానే, అది చేయకుండా బతికే పద్ధతి మన పెద్దలు నేర్పారు.

మరి ఇప్పుడు మన పెళ్లిళ్లు చూడండి. పట్నం నుంచి డీజే బాక్సులు వస్తున్నాయి. దారి పొడవునా ఫ్లెక్సీలు కడుతున్నాం. అడ్డాకుల చోట ప్లాస్టిక్ పూత పళ్లేలు వేస్తున్నాం. మన వాయిద్యగాళ్లు ఆహూతుల్లో కూర్చుని చూస్తున్నారు. ఆ డబ్బు సాయంత్రానికి ఘాటీ దిగిపోతుంది. ఇదీ దుబారా.

ఒక చిన్న లెక్క వేద్దాం. పెళ్లికి 50,000 రూపాయలు అప్పు తెచ్చామనుకోండి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. నెలకు 1,500, ఏడాదికి 18,000. మూడేళ్లు తిరగకముందే వడ్డీయే అసలంత అవుతుంది. అసలు మాత్రం అలాగే ఉంటుంది. అప్పుచేసి పప్పుకూడు అని ఊరికే అనలేదు.

అప్పు మనకు కొత్త కాదు. షావుకారు పద్దులో పడి తాతల నాటి భూములు చేజారాయి. అందుకే ఏజెన్సీలో వడ్డీ వ్యాపారుల కట్టడికి 1960లో రెగ్యులేషన్ వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించి, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా బిగించారు. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. చట్టం భూమికి కాపలా కాస్తుంది. మన చేతి ఖర్చుకు కాపలా మనమే కాయాలి.

పిసినారులు కమ్మని మేం చెప్పడం లేదు. చుట్టం వస్తే అన్నం పెట్టకపోవడం మన ఇంటా వంటా లేదు. ఈసారి మన ఊళ్లో పెళ్లి మాట నడుస్తున్నప్పుడు యువకులే పూనుకుని అడగండి: ఈ ఖర్చుతో ఎవరి కడుపు నిండుతుంది, ఈ డబ్బు చివరికి ఎవరి చేతికి పోతుంది? జవాబు వచ్చాక, దుబారా అన్న మాట ఎక్కడ వాడాలో మీకే తెలుస్తుంది.