బాలనాగమ్మ కోరిన గడువు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



జానపద కథలలోని ధీరవనితలను గూర్చి ప్రసంగింపుమని కార్యకర్తలు నన్ను కోరినారు. పుస్తకముల నడుమ నిలిచి, పుస్తకమెక్కక పూర్వమే ప్రజల నాలుకలపై బ్రతికిన కథలను తలచుకొనుట సముచితమే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసి తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు నాంది పలికినది. అంతకు ఎన్నో తరములకు ముందే శారదకథకులు, ఒగ్గుకథకులు, బుర్రకథకులు పల్లెపల్లెకు నడచివచ్చు గ్రంథాలయములై యుండిరి. మొయినాబాదు నుండి చేవెళ్లకు వచ్చు బాట ప్రక్కల మఱ్ఱులవలె ఆ కథలు తరతరములకు నీడనిచ్చినవి.

వానిలో బాలనాగమ్మ కథ మీరందఱు ఎఱిగినదే. సురభివారు దానిని నాటకముగా ఆడిరి. 1942లో జెమినీవారి చిత్రమున కాంచనమాల, 1959 నాటి చిత్రమున అంజలీదేవి ఆ పాత్రను ధరించిరి. పాఠములు పెక్కు కలవు, సారమిది. మాయల మరాఠి బాలనాగమ్మను అపహరించి తన నెలవునకు కొనిపోవును. వెదకవచ్చిన భర్త కార్యవర్ధిరాజు వాని మాయకు లోబడి శిలయగును. నాటి పసిబిడ్డ బాలవర్ధి పెరిగి పెద్దవాడై, మాంత్రికుని ప్రాణముండు చిలుకను పట్టి తెచ్చి, తల్లి చెఱ విడిపించును.

కనుక తల్లిని రక్షించినది కొడుకే యని మనము పిల్లలకు చెప్పుచుందుము. ఇచట రెండు ప్రశ్నలు వేసికొనవలెను. బిడ్డ పెద్దవాడగువఱకు ఆ తల్లి ఎట్లు నిలిచినది? తాను నోము పట్టితిననియు, అది తీరువఱకు తన్ను తాకరాదనియు చెప్పి, ఏండ్లకేండ్లు గడువు సంపాదించినది. మనుష్యులను రాళ్లు చేయగల మాంత్రికుడు ఒక ఆడుదాని మాటను దాటలేకపోయెను. ఇక వాని ప్రాణరహస్యమును రాబట్టినది ఎవరు? ఆమెయే. చిలుకను పట్టినది కొడుకు చేయి. అది యున్న తావు తెలిపినది తల్లి బుద్ధి.

ఇది నేను కల్పించిన అన్వయము కాదు. బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రియరు 1868లో ప్రకటించిన దక్కను కథల సంపుటమున ఇట్టి కథయే కలదు. చెప్పినది వారియింటి ఆయా అన్నా లిబరాటా డిసౌజా. ఆమె తన అవ్వ నోట కథలు విన్నది. అందలి నాయిక పేరు బాల్నా. పండ్రెండేండ్లు బురుజులో బందీయై యుండియు మాంత్రికుని పెండ్లియాడ నిరాకరించినది. కొడుకు వచ్చిన పిదప, సమ్మతించినట్లు నటించి, వాని ప్రాణము పచ్చచిలుకలో నున్నదని రాబట్టినది. అవ్వలు మనుమరాండ్రకు చెప్పుకొన్న కథలో ఈ ఘట్టము చెక్కుచెదరలేదు.

బాలనాగమ్మను చూపి ఆడుబిడ్డలకు ఓర్పు బోధించువారు కలరు. కష్టము వచ్చినపుడు తలవంచి యుండుమని ఆమె కథ చెప్పదు. విడుదలకు దారి దొరకువఱకు కాలమును తనవైపు త్రిప్పుకొనుమని చెప్పును. మన పల్లెలలో చదువు ముగియువఱకు పెండ్లి మాట ఎత్తవలదని వేడు బాలికయు కోరునది గడువే. 1978లో చట్టము కన్యకు పదునెనిమిదేండ్లు నిండవలెనన్నది. చట్టముకంటె ముందు కథ ఆ మాట చెప్పినది. బాలనాగమ్మకు క్రూరమాంత్రికుడు సైతము గడువిచ్చెను. కన్నవారము మనము ఈయజాలమా?

ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు ఊరూర తిరిగి సేకరించి, 1958లో తెలుగు జానపదగేయ సాహిత్యమును గూర్చి తమ పరిశోధన గ్రంథమును వెలువరించిరి. మన యవ్వలు చెప్పు పాఠములను మన బాలికలచేతనే వ్రాయించి ఇచట నిలుపుడు. వ్రాయుచున్న పిల్ల ఆ నాయిక తెలివిని తనదిగా చేసికొనును. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన ఈ యిల్లు ఇక అవ్వల మాటలను గూడ కాపాడుగాక.

సెలవు.